మునెమ్మవ్వ మూర

ఎనిమిదో తరగతిలో నేను రోజూ బడికి ఆలస్యంగా పోవడానికి కారణం బస్సు కాదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా డైరీకి కూడా. ఈ పొద్దు హోసూరు మార్కెట్టులో తడి గోనెపట్టా కింద నుంచి మరువం వాసన వచ్చేసరికి చెప్పాలనిపించింది.

తొంభైల చివర్లో మా బడి ప్రేయరులో పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఆడపిల్లల వరుసకు చిట్టచివర నేను. పక్క వరుసలో మగపిల్లలు "ఒంటె వచ్చిందిరా" అని గొణిగితే, భుజాలు ముందుకు వంచి, నా పొడుగాటి చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక కుమిలిపోయేదాన్ని. అందుకే బడి సందు మొదట్లో పూలమ్మే మునెమ్మవ్వ గంప వెనక కూర్చుని, ప్రేయరు అయ్యాక లోపలికి పోయేదాన్ని.

అవ్వ బాగలూరు నుంచి మొదటి బస్సుకు వచ్చేది. మంచు కురిసే పొద్దుల్లో తలకు తుండు చుట్టుకొని, కనకాంబరాల మధ్య మరువం పెట్టి అరటినారతో చూడకుండానే కట్టేది. ఉగాది మర్నాడు నాకోసం ఆకులో చుట్టి ఒబ్బట్టు తెచ్చేది. ఎందుకు దాక్కుంటున్నావని ఒక్కనాడూ అడగలేదు.

వరలక్ష్మి పండగ ముందురోజు, మోచేతి నుంచి వేలికొస దాకా అవ్వ మూర వేస్తుంటే ఒకామె ఎగతాళి చేసింది. "ఏం అవ్వా, నీ మూర జానెడైపోయిందే."

"అయితే ఈ పాప చేత్తో తీసుకోమ్మా. చెయ్యి చాపు పాపా."

చాపినాను. పూలదండ నా చేతి మీద సాగుతూనే పోయింది. ఆడవాళ్ళంతా మూగినారు. "నాకూ ఆ పాపే కొలవల్ల." నా పొడుగు ఇంకొకరికి కావలసి రావడం అదే మొదలు.

"నీకు నష్టం కదవ్వా," అన్నాను వాళ్ళు పోయినాక.

"దేవుడిచ్చిన చెయ్యి. నాలుగు పూలకోసం కత్తిరిస్తానా?"

ఆ వారమే టీచరు, ఇంకోసారి ఆలస్యమైతే నాయన్ను పిలుచుకొని రమ్మంది. నాయన వస్తే కారణం అడుగుతాడు. అది నోటితో చెప్పడం కంటే బడి మానుకోవడమే మేలనిపించింది. మర్నాడు గంట కొట్టినా గంప వెనకే కూర్చున్నాను. అవ్వ నా చేత్తోనే ఒక మూర కొలిచి, తుంచి, జడలో పెట్టి, పుస్తకాల సంచి భుజానికి తగిలించింది. "పో. ఈడ చాపిన చెయ్యే కదా ఆడా ఉండేది."

వరుస చివర నిలబడినాను. ఒంటె అననే అన్నారు. చేతులు మాత్రం దాచుకోలేదు. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి, "అంత పొడుగు దండ యాడ కొన్నావే?" అని అడిగింది.

ఇప్పుడు ఆ సందులో పూలు తూకానికి వేసి ప్లాస్టిక్ కవర్లో ఇస్తున్నారు; చెయ్యి చాపేవాళ్ళు లేరు. అవ్వా లేదు. అప్పట్లో పన్నెండో తరగతి ముగిసి బడి వదిలేనాడు, పోయొస్తానని చెప్పడానికి ఆమె ముఖం దాకా వంగితే, నా గడ్డం పట్టి పైకెత్తింది.

"వంగొద్దు పాపా. నేనే తలెత్తుకొని చూస్తాలే."