మేనకోడలి ఆషాఢం

ఎయిడ్స్‌కు మందు లేని రోజుల్లో మా సిద్దిపేట గోడల మీద, జాగ్రత్త ఒక్కటే మందు అని రాసేవారు. నేను బడికి పోయింది తక్కువ. గోడలు, పొట్లాల కాగితాలు చదివే నాకు అక్షరాలు పట్టుబడ్డాయి. అందుకే మరచిపోను. ఇప్పుడు హెచ్ఐవీ అంటకుండా ముందే వేసుకునే మాత్ర వచ్చింది. వచ్చాక తెలిసిందేమిటంటే, అది గిట్టుబాటు కాదట.

ఈ మాట చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. ఫంక్షన్ హాల్లో సభ. ఏసీ, బొకేలు, శాలువాలు. రోగం దండిగా ఉన్నచోట మాత్ర పంచితే పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కుతుందనీ, మన దగ్గర రోగులు కొద్దిమందే కనుక దక్కదనీ ఆయన తెర మీద గీతలు చూపిస్తూ వివరించాడు. జనం చప్పట్లు కొట్టారు. వడ్లు పండించినవాళ్లు ఏళ్ల తరబడి అడిగినా దొరకని గిట్టుబాటు అనే మాట, ఆ రోజు మైకులో ఎంత ధారాళంగా పారిందో!

నా పక్కన నా చెల్లెలి కూతురు కూర్చుంది. ఆమె పెనిమిటి బొంబాయి పక్కన భీవండిలో మరమగ్గాల మీద పనిచేసి, రోగంతో తిరిగొచ్చాడు. ఆమెకు లేదు, పరీక్ష చేయించాం. అతనికి దవాఖానలో మందులు మొదలుపెట్టారు గాని, ఒంట్లో క్రిమి అణగడానికి నెలలు పడుతుందన్నారు. ఆ నెలల పాటు ఆమెకు మాత్ర దొరుకుతుందేమోనని వచ్చాం. ప్రైవేటులో కొనే స్తోమతే ఉంటే ఆ బొకేల మధ్య మాకేం పని?

చాయ్ దగ్గర సారును పక్కకు పిలిచి అడిగాం. ఈమె ఏ కోవలోకి వస్తుందన్నాడు. ప్రమాదం ఎక్కువున్న కోవలు కొన్ని ఉన్నాయట. భార్య అన్నాను. ఆయన చాయ్‌లో బిస్కెట్టు ముంచి ఆలోచించాడు. అది విరిగి మునిగింది గాని, భార్యకు కోవ దొరకలేదు. కండోములు ఉచితంగా ఇస్తున్నాం కదా అన్నాడు.

"అవి తొడుక్కునేది నేను గాదు గద సారూ," అంది నా మేనకోడలు తల ఎత్తకుండానే. "ఆయన వద్దంటడు. గోలి అయితే నేనే ఏసుకుంట. ఎవ్వల్ని అడిగే పని లేదు."

రోగం వస్తే మాత్రం జీవితాంతం మందులు ఉచితమేనని ఆయన ధైర్యం చెప్పాడు.

"అయితే తెచ్చుకొని రమ్మంటరా?"

సారుకు ఫోన్ వచ్చింది.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. దిగేటప్పుడు, ఆషాఢం ఎప్పుడు మొదలవుతుందో క్యాలెండర్‌లో చూడమంది. ఆ నెల కొత్త కోడళ్లు తల్లిగారింటికి వచ్చి మొగుడికి దూరంగా ఉంటారు. ఈమెకు బడికి పోయే పిల్లలున్నారు. అయినా వాళ్లను వెంటబెట్టుకొని, మూట కట్టుకొని మా చెల్లెలింటికి వచ్చేసింది. వాడకట్టంతా నవ్వింది.

"ఏందే పిల్లా, గీ వయసుల నీకు ఆషాఢమా?" అని పక్కింటి ముసలమ్మ అడిగింది.

"అప్పుడు సగమే చేసిన పెద్దవ్వా. మిగిలింది ఇప్పుడు చేస్తున్న."

ఆషాఢం పోయింది. శ్రావణంలో మా చెల్లెలికి మోకాళ్ల నొప్పులు వచ్చాయి. అందరం కలిసి తెప్పించిన నొప్పులు. తర్వాత బతుకమ్మ. మేనకోడలి మొగుడు రెండుసార్లు వచ్చి వాకిట్లో అరిచిపోయాడు. నేను గడపకు అడ్డంగా కుర్చీ వేసుకొని పేపరు చదివాను. పండుగ వెళ్లాక అతని పరీక్షలో క్రిమి కనపడలేదనీ, మందులు మానకుండా వేసుకుంటే ఇక ఆమెకు అంటదనీ దవాఖానలో చెప్పారు. ఆమె పరీక్ష కూడా మంచిగానే వచ్చింది. అప్పుడు గాని మొగుడింటికి మూట కట్టలేదు.

మొన్న అదే హాల్లో మళ్లీ సభ పెట్టారు. మాత్రలు పంచకపోయినా మొగుడికి రోగమున్న ఇళ్లలో ఆడవాళ్లకు రోగం పాకలేదనీ, కనుక తమ అంచనా నిజమైందనీ అదే సారు తెర మీద చూపించాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. మేనకోడలు నా చెవి దగ్గరికి వంగింది.

"మామా, నీ చెల్లె నన్నూ పిల్లల్నీ సాకిన ఖర్చు గూడ గా లెక్కల రాసుకొమ్మని చెప్పు."

చెప్పడానికి లేచాను. మైకులో అప్పటికే భోజనాలకు పిలుస్తున్నారు.