డిక్షనరీలో లేని కాగితం

ముత్తుకూరులో ఎలిశబెతు టీచరమ్మంటే తెలియని ఇల్లు లేదు. ముప్పై రెండేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి ఏ బీ సీ డీలు దిద్దించింది ఆవిడే, మిగతా సగం మందికి తొడపాశం పెట్టిందీ ఆవిడే. అంతటి మనిషి ప్రతి నెలా మొదటి ఆదివారం మాత్రం చర్చిలో వెనక బెంచీ మీద, చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా కూర్చుంటుంది. ఆ రోజు ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇచ్చే వేళకు ఆవిడకు మోకాలి నొప్పి వస్తుంది. లేచి బయటికి పోతుంది. ఆరేళ్ళుగా నెలకొకసారి, సరిగ్గా ఆ గంటకే వచ్చే మోకాలి నొప్పిని ఏ డాక్టరు నయం చేస్తాడు? అసలు నొప్పి ఒక డిక్షనరీలో ఉంది.

ఆ చర్చిలో క్రిస్మస్ ముందు పిల్లలకు ఒక పోటీ పెట్టడం ఆనవాయితీ. ఇంగ్లీషు అక్షరం ఒకటి ఇస్తారు. ఆ అక్షరం ఉన్న మాటలు అరగంటలో ఎన్ని వెతికి రాస్తే అంత గొప్ప. ఫోన్లన్నీ బయట బుట్టలో పెట్టాలి. ఏ మాట మీదైనా ఎవరికైనా అనుమానం వస్తే టీచరమ్మ తన డిక్షనరీ తీసి చూస్తుంది. ఉంటే మార్కు ఉంటుంది. లేకపోతే ఆ మార్కు పోవడమే కాక ఇంకొకటి కోత. గెలిచినవాళ్ళు చర్చి తరఫున నెల్లూరు పోటీకి వెళతారు.

ఆరేళ్ళ కిందట ఇచ్చిన అక్షరం క్యూ. అందరికన్నా ఎక్కువ రాసినవాళ్ళు ఇద్దరు. టీచరమ్మ కూతురు మెర్లిన్ ఇరవై మూడు మాటలు రాసింది. పోర్టులో లోడింగ్ పని చేసే చిన్నపోలయ్య కూతురు డెబోరా ఇరవై నాలుగు రాసింది.

చిన్నపోలయ్య చదివింది అయిదో క్లాసు. పోర్టులో బోర్డుల మీదా పెట్టెల మీదా కనబడిన ఇంగ్లీషు మాటలను పెన్నుతో అరచేతిలో రాసుకొచ్చి కూతురికి చూపించడం అతని అలవాటు. చెమటకు సగం చెరిగిపోయేవి. ఆ పిల్ల మిగిలిన సగంతోనే తంటాలు పడి మాట పట్టేసేది. పోటీ రోజున అతను పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

డెబోరా చివరి మాట క్యూ, యూ, ఏ, వై. “అదేం మాట?” అంది మెర్లిన్.

“ఓడ ఆనుకొని నిలబడే గట్టు. పోర్టులో బోర్డు మీద ఉండాది. మా నాయన రాసుకొచ్చినాడు” అంది డెబోరా.

ఎలిశబెతు డిక్షనరీ తెరిచింది. ఆరువందల పన్నెండో పేజీ తర్వాత ఆరువందల పదిహేనుంది. మధ్యలో కాగితం లేదు. అది ఆవిడకు కొత్త సంగతేం కాదు. రెండు వేల పదిహేను వానలకు ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు, తడిసి ముద్దయిన ఆ కాగితాన్ని పీకి పారేసింది తన చేత్తోనే. ఆ మాటంటూ ఉంటే అందులోనే ఉండాలి. ‘ఈ పేజీ లేదు, ఇంకో పుస్తకం చూద్దాం’ అంటే సరిపోయేది. ఎదురుగా మెర్లిన్ ఆశగా చూస్తోంది.

“లేదమ్మా” అంది ఎలిశబెతు. అక్కడితో ఆగినా బాగుండేది. “బోర్డు మీద రాసిందల్లా ఇంగ్లీషు అయిపోదు చిన్నపోలయ్యా” అని కూడా అంది. చర్చి అంతా నవ్వింది. చిన్నపోలయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే అరచెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

మర్నాడే ఆవిడ స్కూల్లో ఉన్న డిక్షనరీ తీసి చూసింది. మాట ఉంది. ఓడలు ఆగే గట్టు అనే ఉంది. చెప్పేయాలనుకుంది. పండగ పోనీ అనుకుంది, మెర్లిన్ నెల్లూరు వెళ్ళి రానీ అనుకుంది. మెర్లిన్ షీల్డు తెచ్చింది. అది ఫ్రిజ్ మీద కూర్చుంది. దాని దుమ్ము తుడిచిన ప్రతిసారీ ఎలిశబెతుకు తన మీద తనకే రోత పుట్టేది. ఇక రొట్టె ఏ మొహంతో అందుకుంటుంది?

ఈ డిసెంబరులో డెబోరా టీచరమ్మ ఇంటికొచ్చింది. ఇప్పుడు సండే స్కూలు టీచరు ఆ పిల్లే. పోటీకి డిక్షనరీ కావాలంది. ఎలిశబెతు కొత్తది తెచ్చి చేతిలో పెట్టింది.

“కొత్తదెందుకాంటీ, పాతదే ఇయ్యండి. ఆ బుక్కంటే మా నాయనకు ఎంత గురో! టీచరమ్మ బుక్కులో లేదంటే నేనే తప్పుగా సదివినా అంటాడు. నీ మార్కులు నేనే పోగొట్టినా మే అని ఇప్పటికీ అంటా ఉంటాడు. ఆ పొద్దు నుంచి చేతిమీద రాసుకోవడమే మానేసినాడు” అంది డెబోరా నవ్వుతూ.

డిక్షనరీ తర్వాత ఇస్తానని ఎలిశబెతు కొత్త పుస్తకం వెనక్కి తీసుకుంది. పిల్ల ఓడిపోయిందనే ఇన్నాళ్ళూ కుమిలింది. తండ్రి ఆ తప్పు తన నెత్తిన వేసుకుని మోస్తున్నాడన్న సంగతి ఆవిడ ఊహకే రాలేదు.

ఆ సాయంత్రమే రెండు పుస్తకాలూ సంచిలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. చిన్నపోలయ్య డ్యూటీ దిగి అప్పుడే స్నానం చేసి కూర్చున్నాడు. కాగితం లేని చోటు చూపించింది. కొత్త పుస్తకంలో మాట చూపించింది. “కాగితం లేదని నాకు ఆ రోజే తెలుసన్నా. నా బిడ్డ గెలవాలని లేదన్నాను. నిన్ను నవ్వులపాలు చేశాను” అంది. ఏడుపు ఆగలేదు.

అతను ఆ నాలుగక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు.

“అయితే నేను సరిగ్గానే సదివినానా టీచరమ్మా?”

“సరిగ్గానే చదివావన్నా.”

“మెర్లిన్ పాపకి తెలుసునా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతను పుస్తకం మూసి మెల్లగా ఆవిడ చేతికిచ్చాడు. “నా ఇంట్లో చెప్తే ఏం లాభమమ్మా? యాడ అన్నారో ఆడ చెప్పండి. నవ్వినోళ్ళంతా ఆడే ఉండారు.”

మొదటి ఆదివారం వచ్చింది. పాస్టరు కృపాదానం గారు బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. వెనక బెంచీలో ఎలిశబెతు లేచింది. మోకాలి నొప్పే అనుకుని పక్కవాళ్ళు కాళ్ళు ముడుచుకుని గుమ్మం వైపు దారిచ్చారు. ఆవిడ అటు పోలేదు. పాత డిక్షనరీ పట్టుకుని ముందుకు నడిచింది. మూడో వరసలో మెర్లిన్ తల్లిని చూసి, ఏమిటన్నట్టు కళ్ళెగరేసింది. ఎలిశబెతు ఆ చూపు తప్పించుకోలేదు. క్యూ దగ్గర పుస్తకం తెరిచి అందరికీ కనబడేలా పైకెత్తింది.

“ఇక్కడ ఒక కాగితం లేదు” అంది. “ఆ రోజు కూడా లేదు.”