రెండో గిటారు

నా దగ్గరున్న గిటారు బోలుది. దానివల్ల నేను మోస్తున్న బరువు మాత్రం బోలెడు. పద్దెనిమిదేళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకు తెలియదు. మా నాన్న ఈ సంగతి తెలియకుండానే కాలం చేశాడు. నిజంగా తెలియాల్సిన మనిషి ఒక్కడే. అతనికి చెప్పలేక మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కనుక. కోపమొస్తే తిట్టుకోండి, నాకు వినపడదు. వినపడనప్పుడే నాకు ధైర్యం ఎక్కువ.

మాది ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, పసుపు టోకు దుకాణం. పుట్టగానే అందరూ ఏడిస్తే నేను తుమ్మానంటారు. అలాంటివాడికి గిటారు పిచ్చి పట్టింది. పురానాపూల్ దగ్గర ఒక మాస్టర్ ఉండేవారు, ఒకప్పుడు హోటళ్ల బ్యాండ్లలో వాయించిన మనిషి. ఆయన దగ్గర నాకంటే ముందు నుంచీ నేర్చుకుంటున్నవాడు ప్రభుదాసు. పేరు మార్చాను. మార్చేయడం నాకు అలవాటే అని ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. ప్రభుదాసు కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆదివారాలు వాళ్ల చర్చిలో వాయించేవాడు. నన్ను ‘సేటూ’ అని పిలిచేవాడు. ఎప్పటికైనా ఇద్దరం పక్కపక్కన కూర్చుని రెండు గిటార్లతో ఒకే పాట వాయించాలన్నది మా ఇద్దరి కోరిక. అతను పాట పట్టుకుంటే నేను వెనక నడవాలి, నేను పట్టుకుంటే అతను. అంతే. పెద్ద కోరికేం కాదు.

మాస్టర్‌కు వేళ్లు బిగుసుకుపోయాయి. ఒకరోజు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, మా ముందెన్నడూ పెట్టెలోంచి తీయని తన రెండు గిటార్లనూ ముందు పెట్టారు. ‘అమ్మను. వాయించేటోళ్లకే ఇస్త. చెరొకటి తీస్కోండ్రి. ప్రభుదాసు ముందుగాల వచ్చిండు, ముందుగాల వాడే ఏరుకుంటడు’ అని చెప్పి చాయ్ తాగడానికి హోటల్‌కు వెళ్లిపోయారు.

రెండూ బోలు గిటార్లే, కరెంటువే. రెండింటికీ పొట్టమీద వంకీ తిరిగిన రెండు రంధ్రాలు. ఎర్రదానికి లోపల మొత్తం ఖాళీ. పొట్ట లావు, గొంతు గుండ్రం. తీగ మీటగానే వెచ్చగా పలికి, అంతలోనే అణిగిపోయేది. గోధుమరంగుది కాస్త సన్నం. దానికి ఖాళీ రెండు పక్కలే, నడుమ నిలువునా ఒక కర్ర దిమ్మ. ఆ దిమ్మ వల్లే కాబోలు, స్వరం పుట్టాక తొందరపడి పోదు. గుమ్మం దాకా వచ్చి, ఇంకో మాట చెప్పి, ఇంకా అక్కడే నిలబడే చుట్టంలా ఉంటుంది. నేను దాన్ని రెండుసార్లు మీటి ఉంటాను. ఇంక అయిపోయింది నా పని.

ఏరుకోమంటే ప్రభుదాసు చేసిన పని చూడండి. కుర్చీ తిప్పుకుని గోడకు ముఖం పెట్టాడు.

‘కండ్లతోని చూస్తే రంగుకు పడిపోతం సేటూ. నేను గోడ దిక్కు కూసుంట. రెండిట్ల ఒకటే పాట వాయించు. ఏది ఏందో చెప్పకు.’

మొదట ఎర్రది వాయించాను. తర్వాత గోధుమరంగుది. ఒకటే పాట, ఒకటే చిన్న స్పీకరు. అతను కదల్లేదు. అతని మెడ మీద చెమట చుక్క జారడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

‘మొదటిది మంచిగనే మాట్లాడ్తది. గానీ గబగబ చెప్పి ఊకుంటది. రెండోది మస్తుంది సేటూ. స్వరం నిలవడ్తది. నాకు రెండోదే గావాలె.’

రెండోది నా ఒళ్లో ఉంది. అతను వెనక్కి తిరగడానికి ఎంతసేపు పడుతుంది? నాకు అంతసేపే పట్టింది. గోధుమరంగుదాన్ని గోడకు ఆనించాను, ఎర్రదాన్ని ఒళ్లోకి తీసుకున్నాను.

‘రెండోది ఇగో, ఇదే’ అన్నాను.

అతను తీసుకుని నాలుగు తీగలు మీటాడు. ముఖంలో ఏదో చిన్న దీపం తగ్గినట్టయింది.

‘గిదా? నువ్వు వాయించినప్పుడు గిట్ల లేకుండె గద.’

‘నా చెయ్యి వేరే, నీ చెయ్యి వేరే భాయ్.’

‘గంతే అయి ఉంటది’ అన్నాడు. నమ్మాడు. మాస్టర్ వచ్చి, అతని చేతిలో ఎర్రదాన్ని చూసి ‘పక్కానా?’ అని అడిగారు. ‘పక్కా మాస్టర్. చెవితోని ఏరుకున్న’ అన్నాడు, గర్వంగా.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు వస్తే బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, దాని మధ్య నుంచి పసుపు కొమ్ములు లాగి చేతిలో పెడతాం. ఏ బస్తా నుంచి తీసి చూపించామో ఆ బస్తాయే బండికెక్కాలి. ఒకటి చూపించి ఇంకొకటి పంపినవాడితో మా నాన్న చాయ్ కూడా తాగేవాడు కాదు. ఆయన కొడుకుని నేను. ఆ రోజు నేను బస్తా మార్చాను. ఎందుకు? ఆ గిటారు కావాలని నోరు తెరిచి అడిగితే ప్రభుదాసు ఇచ్చేసేవాడే! ఈ ఒక్క సంగతి నన్ను ఎక్కువ తింటుంది. అడగడానికి సిగ్గుపడ్డాను, కాజేయడానికి పడలేదు. అతని చేతిలో ఏ గిటారైనా మాట వింటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. నాకు సర్దిచెప్పడమంత తేలిక పని ఇంకొకటి లేదు.

ఎర్రది మాట వినలేదు. చర్చిలో పెద్ద స్పీకర్లు. లోపలంతా ఖాళీ ఉన్న గిటారు, శబ్దం పెంచితే ఆ స్పీకర్ల మోతే దాని పొట్టలోకి దూరి తిరిగి ఊళలా బయటికొస్తుంది. పాట మధ్యలో ఊళ. ప్రార్థన మధ్యలో ఊళ. పిల్లల పాత మేజోళ్లు తెచ్చి రంధ్రాల్లో కుక్కాడు. శబ్దం తగ్గించాడు. తగ్గిస్తే వినపడటం లేదన్నారు. ముందు వరుస నుంచి వెనక వరుసకు వచ్చాడు. తర్వాత ఏకంగా మానేశాడు. ఇప్పుడు ఆదివారాలు పాటల పుస్తకాలు పంచుతాడు. ‘గిటారుది ఏం తప్పు లేదు సేటూ. నేనే ఏరుకున్న గద. నా చెవే దగా చేసింది’ అన్నాడొకసారి, నవ్వుతూ. దగా చేసినవాణ్ణి ఎదురుగానే కూర్చుని సమోసా తింటున్నాను.

మీరు అడగొచ్చు, మరి గోధుమరంగుది ఏం చేశావని. వాయించాను. ఒక్కణ్ణే, కిటికీలు మూసి. ప్రభుదాసు వింటే పోల్చుకుంటాడు కదా. ‘నీది తీస్కరా, ఇద్దరం కూసుందం’ అని ఎన్నిసార్లు పిలిచాడో. తీగ తెగిందన్నాను. మళ్లీ తెగిందన్నాను. ఇన్నేళ్లలో నా గిటారుకు తెగినన్ని తీగలు ఈ శహర్‌లో ఇంకే గిటారుకూ తెగి ఉండవు. ఇలా చూడండి నా తెలివి: అతని పక్కన వాయించాలని గిటారు కోరుకున్నాను, ఆ గిటారు దక్కించుకుని అతని పక్కన మాత్రం వాయించలేకపోయాను. స్వరం చివర అది అలా నిలబడినప్పుడల్లా, పక్కన ఇంకో గిటారు అందుకోవాల్సిన చోటు ఖాళీగా వినపడుతుంది. ఆ ఖాళీ కోసం చెవి పెట్టి కూర్చుంటాను. ఎవరూ అందుకోరు.

పోయిన ఆదివారం ఇంట్లో వాళ్లంతా పెళ్లికి వెళ్లారు. ఉక్కగా ఉందని కిటికీ తీశాను. ఆ పాటే వాయిస్తున్నాను. అది అయ్యాక చూస్తే, కిటికీ బయట మెట్ల మీద ప్రభుదాసు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. కళ్లు మూసుకుని, గోడకు నుదురు ఆనించి ఉన్నాడు.

‘సేటూ. ఆ దినం రెండోది... గిదే గద?’

ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. అంతలో అతనే చెయ్యి ఊపేశాడు.

‘పోనీతియ్. నా చెవి సంగతి నీకు ఎరుకనే గద.’

‘చాయ్ తాగుతవా?’ అన్నాను నేను.

ఆ వేడి చాయ్ తాగుతూ వచ్చిన పని చెప్పాడు. చర్చికి కొత్త గిటారు తీసుకుంటున్నారట. పాతవాడివి, నువ్వే ఏరమన్నారట. ‘నా చెవి మీద నాకే నమ్మకం లేదు. ఈ ఐతారం నువ్వు రావాలె. నువ్వు గోడ దిక్కు కూసో, నేను వాయిస్త. నీ చెవి పక్కా.’

వస్తానన్నాను. అప్పటి నుంచి దుకాణంలో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. గిటారు ఒకటి తీసుకున్నాను, సరే. కానీ ఒక మనిషి తన చెవి మీద పెట్టుకున్న నమ్మకాన్ని కూడా దానితోపాటే ఇంటికి తెచ్చుకున్నానని నాకు మెట్ల మీదే తెలిసింది. గిటారు తిరిగి ఇవ్వొచ్చు. రెండోది ఎలా ఇవ్వాలి? పద్దెనిమిదేళ్ల ఆదివారాలు ఏ సంచీలో పెట్టి పట్టుకెళ్లాలి?

ఆదివారం గోడవైపు తిరిగాక నా నోరు లేస్తుందో లేదో చెప్పలేను. నా సంగతి నాకు తెలుసు కనుక మాట ఇవ్వను. క్షమించమని మిమ్మల్ని అడగను, మీ చేతిలో లేనిది ఎందుకు అడగాలి? మెట్ల మీద నేను మింగేసిన జవాబు మాత్రం ఇక్కడ పెడుతున్నాను. ఊపిరి చాలా రోజులకు అడుగుదాకా వెళ్తోంది.

అవును ప్రభుదాసూ. నీ చెవి ఎన్నడూ తప్పలేదు. మెట్ల మీద నువ్వు విన్నది రెండోదే.