బోరు నీళ్ళ మొదటి చెంబు

మా పెరట్లో బోరు ఉన్న చోటు నేను ఎంచింది కాదు. స్థలం నాది, రైల్వే ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ తీసుకున్న లోను నాది, ఇల్లు కట్టించిన తిప్పలు నావి. బోరు చోటు మాత్రం మా తోడల్లుడు చూపించాడు. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. రాయ్‌పూర్‌లో టాటీబంధ్ దాటితే ఇంకా పొలాలే ఉండేవి. నేను ఈశాన్యం మూలన వేయిద్దామనుకున్నాను. అతను అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని స్థలమంతా తిరిగాడు. వంటగది వెనక్కి రాగానే కాయ లేచి నిలబడింది. నిలబడిందని మా అత్తగారు అన్నారు. నేను చూసేసరికి కాయ కింద అతని బొటనవేలు ఉంది. ఆ మాట అక్కడే అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

నీళ్ళు పడ్డాయి, కాదనను. మా అత్తగారిది విజయనగరం దగ్గర పల్లె. అక్కడ కొత్త బావిలో నీళ్ళు పడితే, ఆ నీళ్ళు తెచ్చిన మనిషి కాళ్ళ మీద మొదటి చెంబు పోసేవారట. ఆ తర్వాతే ఎవరైనా తాగాలి. రాయ్‌పూర్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడ ఆ పద్ధతి వదల్లేదు. బురదనీళ్ళు తేటపడగానే రాగిచెంబు నింపుకుని వచ్చారు. ఇంటి యజమానిని, పైగా పెద్దల్లుణ్ణి. చెప్పులు విప్పి నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి చిన్నల్లుడి కాళ్ళ మీద పోశారు.

"నీ చెయ్యి చల్లన, బాబూ" అన్నారు అతనితో.

నాతో, "అల్లుడుగారూ, కాస్త జరగండి, తడిసిపోతారు" అన్నారు.

అతను బాబు, నేను అల్లుడుగారు. మా పెళ్ళిలో నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది ఆవిడే, అయినా ఏనాడూ నన్ను నువ్వు అనలేదు. వినేవాళ్ళకి అది మర్యాదలా ఉంటుంది. పక్కవాణ్ణి నువ్వు అంటూ మనల్ని మీరు అంటే అది ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది.

అప్పట్నుంచి మా ఇంట్లో వాడే నీళ్ళు చిన్నల్లుడి నీళ్ళు. ఎండాకాలం చుట్టుపక్కల బోర్లు ఎండిపోతే జనం బిందెలతో మా ఇంటికొచ్చేవాళ్ళు. స్విచ్చి వేసేది నేను, గొట్టం పట్టుకుని నింపేది నేను. మా అత్తగారు వరండాలో కూర్చుని వచ్చిన ప్రతి మనిషికీ కొబ్బరికాయ సంగతి చెప్పేవారు. వాళ్ళు వెళ్తూ వెళ్తూ, "మీ సాఢూభాయి ఎలా ఉన్నారు?" అని మా తోడల్లుడి క్షేమం అడిగి వెళ్ళేవాళ్ళు. నా క్షేమం అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు.

కొన్నేళ్ళకి అతని ఇంట్లో మోటారు కాలిపోయింది. అతను ధర్సీవా వైపు ఇనప ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఇల్లు మాకు రెండు వీధుల అవతల. బోరు మోటారు పోతే అందరూ మిస్త్రీని పిలుస్తారు. అతను మాత్రం చుట్టాలకి ఫోన్లు చేశాడు. "ఆదివారం పొద్దున్న మోటారు నేనే తీస్తున్నా, రండి" అని. పెళ్ళికి పిలిచినట్టు పిలిచాడు. వెళ్ళేసరికి బనియన్‌తో, తలకి తువ్వాలు చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఫ్యాక్టరీ మనుషులు ఇద్దరు పక్కన ఉన్నారు. నాకు తాడు కొస ఇచ్చి వెనక నిలబెట్టాడు.

పులుసులోంచి ములక్కాడ తీసినట్టు వచ్చేసింది మోటారు వేలాడే ఆ పైపు. ఎక్కడా పట్టలేదు. అందరూ పైపు చూస్తున్నారు. నేను నేల చూశాను. బోరు చుట్టూ మూడు గోతులు, ఒక్కోటీ గుప్పెడంత. మట్టి ఇంకా పచ్చిగా ఉంది. ఒకదానికొకటి కొలిచి తవ్వినంత సమదూరంలో ఉన్నాయి.

"ఇవేమిటి?" అని అడిగాను.

"కుక్కలు, అన్నయ్యా. గర్మీకి చల్లమట్టి కోసం తవ్వుకుంటాయి" అన్నాడు.

"మా బావగారికి ఎక్కడికెళ్ళినా గోతులే కనపడతాయి" అంది మా మరదలు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది.

కొలత చూసుకుని తవ్వే కుక్కల్ని నేను ఎక్కడా చూడలేదు. కొత్త మోటారు దింపారు, నీళ్ళు ఎగజిమ్మాయి. మా అత్తగారు చెంబు తెచ్చి మళ్ళీ అతని కాళ్ళ మీదే పోశారు. మా ఆవిడ నిమ్మకాయ నీళ్ళు కలిపి తెచ్చి మొదటి గ్లాసు అతనికి ఇచ్చింది. తర్వాత ఫ్యాక్టరీ మనుషులకి, తర్వాత మిగతావాళ్ళకి. తాడు పట్టుకున్న నాకు ఆఖరున వచ్చింది. అప్పటికి ఐసు కరిగిపోయింది.

దారిలో మా ఆవిణ్ణి అడిగాను, ఇదేం వరస అని.

"పని చేసింది ఆయన కదండీ. మీరు ఎండలో నిలబడ్డారు, అంతే" అంది.

ఆ "అంతే" ఎండలాగే నెత్తిమీద ఉండిపోయింది. సీజన్లు మారాయి, అది దిగలేదు.

కరోనా తగ్గాక ఒక వేసవిలో మా మోటారు పోయింది. స్విచ్చి వేస్తే గుర్రుమంటుంది, నీళ్ళు రావు. మామగారు పోయినప్పట్నుంచి మా అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. తల్లీకూతుళ్ళిద్దరూ మిస్త్రీని పిలుద్దామన్నారు.

"అక్కర్లేదు. నేనే తీస్తాను" అన్నాను.

"మీరా?" అంది మా ఆవిడ.

మీకెందుకు శ్రమ అని ఉంటే ఊరుకునేవాణ్ణేమో. మీరా అంది.

మర్నాడు పొద్దున్నే ఫ్యూజు పీకి, తీగలు విప్పి, పైపుకి బిగించే ఇనప క్లాంపు, నైలాను తాడు తెచ్చి మొదలుపెట్టాను. పైపు కొంత లాగాలి, జారిపోకుండా క్లాంపు బిగించి బోరు మూతి మీద ఆనించాలి, ఊపిరి తీసుకోవాలి, మళ్ళీ లాగాలి. మోటారు పైనుండే వాల్వు నీళ్ళని కిందికి జారనివ్వదు. అంచేత పైపునిండా నీళ్ళుంటాయి, ప్రతి మూర లాగుడూ ఒక మనిషిని లేపినట్టు ఉంటుంది. మా ఆవిడ తాడు కొస పట్టుకుంది. కొంత పైకి వచ్చింది. తర్వాత ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. అరచేతులు బొబ్బలెక్కాయి.

మా అత్తగారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

"చిన్నల్లుడిది ఇట్టే వచ్చీసింది" అన్నారు.

కాసేపటికి, "ఆ బాబు చెయ్యి వేరులే" అన్నారు.

నేను మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిన ఆ కాసేపట్లో ఇద్దరూ రెండు ఫోన్లు చేశారు. మా ఆవిడ మిస్త్రీకి, మా అత్తగారు చిన్నల్లుడికి. వాళ్ళు పిలిచిన ఇద్దరూ ఒకేసారి గేటు దగ్గర దిగారు. మా తోడల్లుడు ఇస్త్రీచొక్కా వేసుకొచ్చాడు.

"అరె, ఈ వయసులో ఎందుకన్నయ్యా? నన్ను పిలిస్తే వచ్చి తీసేవాణ్ణి కదా."

"వచ్చావుగా. తియ్యి."

"నడుం పట్టేసింది, అన్నయ్యా" అని వెళ్ళి వేపచెట్టు నీడలో నిలబడ్డాడు.

మిస్త్రీ ఇక్కడివాడే. బండిమీంచి ఇనప గొట్టాలు దింపుకుంటూ మా తోడల్లుణ్ణి చూసి నవ్వాడు. "నమస్తే సాబ్. మీ మోటారు ఠీక్ చల్ రహా హై?"

మా తోడల్లుడు తల ఊపి ఫోను తీసి చూసుకోసాగాడు. అతని మోటారు సంగతి ఇతనికెందుకని నాకు అప్పుడే ఏదో తగిలింది.

మిస్త్రీ బోరులోకి టార్చి వేసి, "కేబుల్ ఫస్ గయా, బాబూజీ" అన్నాడు. పైపుకీ బోరు గొట్టానికీ మధ్య కేబుల్ ముడిపడి ఇరుక్కుందట. చేతుల్తో లాగితే ఎవరికీ రాదన్నాడు. మూడు గొట్టాల్ని పైన కలిపి మూడు కాళ్ళ స్టాండులా నిలబెట్టి, దానికి చైన్‌పుల్లీ వేలాడదీశాడు. గొలుసు లాగుతుంటే బరువంతా కాళ్ళ మీదికి వచ్చి అవి నేలలోకి దిగాయి. మోటారు బయటపడింది. అందరూ మోటారు చుట్టూ చేరారు. మిస్త్రీ స్టాండు ఎత్తి పక్కన పెట్టాడు.

బోరు చుట్టూ మూడు గోతులు. ఒక్కోటీ గుప్పెడంత. ఒకదానికొకటి సమదూరం.

"ఇలా రావయ్యా" అని మా తోడల్లుణ్ణి పిలిచాను. "చూడు. మీ ఇంటి కుక్కలు మా ఇంటికీ వచ్చాయి."

అతను గోతులు చూశాడు. నన్ను చూడలేదు.

నేను వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ మిస్త్రీకి టీ పెడుతోంది.

"నీకు తెలుసా?" అన్నాను.

ఏం తెలుసా అని కూడా అడగలేదు. "మిస్త్రీ నంబరు చెల్లికి నేనే ఇచ్చాను. ముందురోజు సాయంత్రం వచ్చి ఇరుక్కున్నది వదిలించి, మళ్ళీ దింపేసి వెళ్ళాడు. ఎవరికీ చెప్పొద్దంది."

"తెలిసే మొదటి గ్లాసు అతనికిచ్చావా?"

"అంతమందిని పిలుచుకున్నాడు. ఇవ్వకపోతే మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?"

"మరి నాకు?"

"మీరు ఎవర్నీ పిలవలేదుగా" అని టీ వడకట్టుకుంది.

తెలియక ఇచ్చిందనుకున్నన్నాళ్ళూ ఆ గ్లాసు నన్ను అంత బాధపెట్టలేదు. మోసపోయి మెచ్చుకుంటే మెచ్చుకుందిలే అనుకోవచ్చు. అంతా తెలిసి, అతని మొహం నిలబెట్టడానికి ఆ గ్లాసు పట్టుకెళ్ళింది. నా మొహం గురించి ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు.

కొత్త మోటారు దింపారు. తాడు ముడి నేనే వేశాను. బొబ్బలు చితికినా పైపు ఆఖరిదాకా నేనే పట్టుకుని వదిలాను. స్విచ్చి వేస్తే ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. మా అత్తగారు లేచి రాగిచెంబు నింపుకున్నారు. ఈసారి చిన్నల్లుణ్ణి దాటుకుని నా దగ్గరికి వచ్చారు.

"పొద్దుట్నుంచి ఎండలో పడ్డావు. ఇలా రా బాబూ, కాళ్ళు చాపు" అన్నారు.

నువ్వు అన్నారు. బాబూ అన్నారు. పెళ్ళైనప్పట్నుంచీ నేను ఎదురుచూసిన మాట. ఒక పాదం ముందుకు పెట్టాను కూడా. అప్పుడే ఎందుకో వేపచెట్టు వైపు చూశాను. మా తోడల్లుడి మొహం తేటపడి ఉంది. గండం గడిచినవాడి మొహం అది. ఎందుకో వెంటనే అర్థమైంది. మిస్త్రీ సాయంతో తీసిన మోటారుకి నా కాళ్ళ మీద చెంబు పడితే, అతని కాళ్ళ మీద పడింది కూడా చెల్లినట్టే. ఇద్దరం ఒకటే అయిపోతాం. అతనికి ఒక్క చెంబు కూడా తగ్గదు.

పాదం వెనక్కి తీసుకున్నాను.

"మీ పద్ధతి నీళ్ళు తెచ్చిన మనిషికి కదా, అత్తయ్యా. తెచ్చింది ఈ మిస్త్రీ. అతని కాళ్ళ మీద పొయ్యండి. చిన్నల్లుడి ఇంట్లో తెచ్చిందీ ఇతనే. అది కూడా కలిపి పొయ్యండి."

మా అత్తగారు చిన్నల్లుడి వైపు చూశారు. అతను కాదనలేదు. ఆవిడ పద్ధతి అంటే పద్ధతే. మిస్త్రీ "నహీ మాతాజీ" అంటూ వెనక్కి జరుగుతున్నా వదల్లేదు. అతని కాళ్ళ మీద ఒక చెంబు పోశారు. మళ్ళీ నింపుకొచ్చి ఇంకో చెంబు పోశారు. మా తోడల్లుడు టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో చిన్నల్లుడి నీళ్ళు అన్న మాట వినపడలేదు. బిందెలతో వచ్చినవాళ్ళకి కొబ్బరికాయ కథ కూడా లేదు. నాకు కావలసింది అదే.

ఆ మూడు గోతులు ఇంకా ఉన్నాయి. పూడకుండా చుట్టూ ఇటుకలు పేర్చాను. మా తోడల్లుడు ఎప్పుడైనా వస్తే పెరట్లోకి తీసుకెళ్ళి కుర్చీ అక్కడే వేస్తాను. ఎవరైనా ఇవేమిటని అడిగితే, కుక్కలు అంటాను. అతను వింటున్నప్పుడే అంటాను.

మా అత్తగారికి ఇప్పుడు చూపు తగ్గింది. తులసికి నీళ్ళు పొయ్యడానికి వెళ్తూ ఆ ఇటుకల దగ్గర ఆగి, కర్రతో తడిమి, చుట్టూ తిరిగి వెళ్తారు.

"అల్లుడుగారూ, ఆ గోతులు పూడ్పించండి, ఎవరైనా పడతారు" అని వారానికోసారి అంటారు.

ఆ రోజు తర్వాత మళ్ళీ అల్లుడుగారినే అయ్యాను. మట్టి తట్ట కూడా గోడ పక్కనే సిద్ధంగా పెట్టాను. బాబూ అని ఒక్కసారి అంటే ఆ పూటే పూడ్చేస్తాను. ఇంతవరకూ అనలేదు.