మూడు పేర్ల బడిలో ఒక్క ఆదిమూలం

ఆదిమూలం తాతకు తెలుగు మాట్లాడడం వచ్చు, తిట్టడం ఇంకా బాగా వచ్చు, చదవడం మాత్రం రాదు. చదువంతా తమిళంలో, అదీ ఎనిమిదో తరగతి దాకా. కాబట్టి ఆయన సంగతులు తెలుగులో కొంచెం ధైర్యంగానే చెప్పుకోవచ్చు.

పుట్టింది వేలూరు దగ్గర గుడియాత్తంలో, మగ్గాల వీధిలో. అన్న ఏకాంబరం మగ్గం మీద కూర్చుంటే లుంగీ పుట్టేది. తాత కూర్చుంటే తగువు పుట్టేది. దారం మోసే నాడె ఒక పక్కకు పోతే మనసు ఇంకో పక్కకు పోయేది. నాలుగు లుంగీలు పాడయ్యాక అన్న ఆయనను మగ్గం దింపి వీధిలోకి తోలాడు. వీధిలో కూడా పని ఉంటుంది. పడుగు దారాలను వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఆరేదాకా కాపలా కాయాలి. ఆవులు, సైకిళ్లు, ఎన్నికల ఊరేగింపులు దారాల జోలికి రాకుండా చూసుకోవాలి. అప్పటికి తాత వయసు ఇరవై రెండు. మీసం సరిగా రాలేదు, అయినా ఇక్కడ తాత అనే పిలుద్దాం, అలవాటు తప్పడం కష్టం.

డెబ్బై ఒకటో సంవత్సరంలో ఒక పొద్దున, ఊరేగింపు కంటే మొండిది వచ్చింది. ఇనుప గొలుసు పట్టుకుని పదిమంది విద్యార్థులు, వాళ్ల వెనక ఎండ టోపీ పెట్టుకుని ప్రొఫెసర్ శంకరలింగం. వేలూరులో కొత్తగా పెట్టిన నగర ప్రణాళిక సెక్షన్‌కు ఆయనే పెద్ద. ఊరు ఎట్లా పెరిగిందో, ఇక మీదట ఎట్లా పెరగాలో లెక్కవేసి పటం గీయడం వాళ్ల చదువు.

“ఈ దారాలు తీయప్పా. వీధి కొలవాల” అన్నాడు ప్రొఫెసర్. ఆయనది అరక్కోణం, రెండు భాషలూ కలిపి మాట్లాడేవాడు.

“తీస్తే తెగిపోతాది సార్. కొలిచేదెందుకు, నన్నడిగితే చెప్పనా? ఆ గోడ కాడినించి ఈ కొళాయి దాకా నూటపది గజాలు.”

“నీకెట్ల తెలుసు?”

“మా పడుగు నూరు గజాలు సార్. ఆ పక్క ఐదు, ఈ పక్క ఐదు, నేను నిలబడి ఆవుల్ని తోలే జాగా.”

సాయంత్రం పడుగు చుట్టేశాక గొలుసు వేసి చూశారు. అర గజం తేడా వచ్చింది. ఆ తప్పు గొలుసుదే అని తాత ఇప్పటికీ వాదిస్తాడు. ప్రొఫెసర్ వాదించలేదు. వారం తిరగకముందే మనిషిని పంపి తాతను వేలూరుకు పిలిపించి, సెక్షన్‌లో అటెండరుగా పెట్టుకున్నాడు.

అది ఒక యూనివర్సిటీలో భాగం. యూనివర్సిటీ పేరు చెప్పనక్కర్లేదు, అది కూడా రెండుసార్లు మారింది. సెక్షన్ ఉన్నది వేలూరును ఆనుకున్న సత్తువాచారిలో ఒక అద్దె ఇంట్లో. ముందు గదిలో పాఠం, వంటగదిలో పటాలు గీసే బొమ్మల బల్ల, గట్టు మీద సిరా బుడ్లు. తాత గొలుసు పట్టేవాడు, పటాలు అతికించి చుట్టిపెట్టేవాడు, టీ తెచ్చేవాడు, ప్రొఫెసర్ మరిచిపోయిన కళ్లద్దాలు వెతికేవాడు.

రెండేళ్లకు పొన్నై నుంచి వరదమ్మ సంబంధం వచ్చింది. పిల్లనిచ్చే మామ అడిగాడు: “ఉద్యోగం పర్మనెంటా నాయనా?”

“ఇప్పటికి టెంపరవరీ మామా. వచ్చే నెల అయిపోతాది.”

ఆ వచ్చే నెల పంతొమ్మిదేళ్లు రాలేదు. పొన్నైలో ఆయనకు ‘టెంపరవరీ అల్లుడు’ అని పేరు స్థిరపడింది. ఆయన బతుకులో స్థిరపడింది అదొక్కటే అని వరదమ్మ అవ్వ అనేది.

సెక్షన్ బోర్డు మీద ‘ప్లానింగ్’ అన్న మాట పెద్దగా ఉండేది. డెబ్బై ఆరులో ఊరూరా కుటుంబ నియంత్రణ ప్రచారం జోరు మీద ఉన్నప్పుడు, పల్లెల నుంచి ఆడవాళ్లు బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చేవాళ్లు. “డాక్టరమ్మ ఉండాదా?” అని అడిగేవాళ్లు. ప్రొఫెసర్ సిగ్గుపడి లోపలికి పోయేవాడు. తాత మాత్రం అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పెద్దాసుపత్రికి ఏ బస్సు ఎక్కాలో చెప్పి పంపేవాడు. ఆ ఏడాది సెక్షన్‌కు విద్యార్థుల కంటే వాళ్లే ఎక్కువ వచ్చారు.

మరుసటి ఏడు ప్రభుత్వం మారింది. గుడియాత్తంలో ఆ సంగతి పేపరు కంటే ముందు మగ్గాలకు తెలుస్తుంది. పార్టీ వాళ్లకు నేసే పంచెల అంచు, గెలిచిన పార్టీ రంగుకు మారిపోతుంది. యూనివర్సిటీలో కూడా అంచు మారింది. సెక్షన్‌ను ఇంజనీర్ల నుంచి తీసి భూగోళ శాస్త్రం వాళ్ల కింద పెట్టి, అచ్చమైన తమిళంలో పేరు పెట్టి, ‘శాఖ’ చేశారు. ఒక మంత్రి వచ్చి రాయి ఆవిష్కరించాడు. ‘కొత్తగా ప్రారంభించబడినది’ అని రాయి మీద చెక్కించారు. పన్నెండేళ్లకు మళ్లీ ప్రభుత్వం మారితే, శాఖను విడదీసి ‘స్కూల్’ అన్నారు. ఇంకో మంత్రి, ఇంకో రాయి, మళ్లీ ‘కొత్తగా ప్రారంభించబడినది’. మొదటి సెక్షన్‌కూ అట్లాంటి రాయి ఒకటుంది. పాత ప్రభుత్వం పెట్టినదాన్ని పెంచామని చెప్పుకుంటే ఎవరికి గొప్ప? అందుకని ఒకే బడి మూడుసార్లు పుట్టింది.

స్కూల్ అని బోర్డు పెట్టిన జూన్ నెలలో, తల్లులు నాలుగేళ్ల పిల్లలకు తల దువ్వి, పౌడరు రాసి తీసుకొచ్చారు. “ఎల్‌కేజీ సీటు ఉండాదా అన్నా?” తాత ఒక పిల్లకు బొమ్మల బల్ల చూపించి, రంగు పెన్సిలు ఒకటి ఇచ్చి పంపాడు.

తొంభై రెండులో యూనివర్సిటీ ఒక ఉత్తర్వు తెచ్చింది. ఒకే సంస్థలో పదిహేనేళ్లు పనిచేసిన టెంపరవరీ వాళ్లందరూ ఇక పర్మనెంటు. అంత సర్వీసు లేనివాళ్లకు నెలాఖరుతో సెలవు. తాత స్వీట్లు కొనడానికి పోతూ దారిలో ఆఫీసులో అడిగి పోదామని ఆగాడు. స్వీట్లు కొనకుండానే తిరిగివచ్చాడు.

ఆఫీసులో సూపరింటెండెంటు శివప్రకాశం కాగితాలు ముందేసుకుని నిదానంగా చెప్పాడు. “సెక్షన్‌లో ఆరేళ్లు. శాఖలో పన్నెండు. స్కూల్లో మూడు. యాడా పదిహేను లేదే ఆదిమూలం.”

“మూడూ ఒకటే గదా సార్. పేరే మారింది. ఆ కుర్చీలే, ఆ బీరువాలే.”

“కుర్చీ సాక్ష్యం చెప్పదు. రాయి చెప్తా ఉండాది. మూడు రాళ్ల మీదా ‘కొత్తగా’ అని ఉండాది. మంత్రులు అబద్ధం చెప్పినారంటావా?”

“మంత్రుల్ని నేనెందుకు అంటాను సార్. చెక్కినోడు తొందరపడినాడేమో అంటా ఉండా.”

శివప్రకాశం చెడ్డవాడు కాదు. నియమం అంటే ఆయనకు భక్తి. మూడూ ఒకటే అని కాగితం తెస్తే కమిటీ ముందు పెడతానని పదిరోజులు గడువిచ్చాడు.

ఇంట్లో అవ్వ అంతా విని చెయ్యి కడుక్కుంది. “రాళ్ల మీద పేరుండే వాళ్లంతా పోయినారు. ఆ రాళ్లకు దుమ్ము తుడిచేవాడివి నువ్వొకడివే ఉండావు. ఆ మాట చెప్పలేకపోతివా?”

“చెప్తే వినాల గదే.”

“నాతో అయితే గంటలు గంటలు చెప్తావు.”

ఆ రాత్రి ఇద్దరిలో ఎవరూ సరిగా తినలేదు. నలభై మూడేళ్ల వయసులో మళ్లీ గుడియాత్తం పోయి అన్న ముందు నిలబడి, పడుగు కాపలా పని తాత ఎట్లా అడగడం? ఆవులు కూడా కొత్తవి, ఆయన్ను ఎరగవు.

అప్పటికి స్కూలుకు డైరెక్టరు కాంచన మేడం. ఆమె డెబ్బై రెండులో అదే వంటగదిలో చదువుకున్న విద్యార్థిని. ఉత్తరం రాసిచ్చింది. శివప్రకాశం దాన్ని రెండుసార్లు చదివి, “నిజమే అయ్యుంటాది, కానీ ఇది జ్ఞాపకం, రికార్డు కాదు” అని తిప్పి పంపాడు. పేరు మార్చిన మొదటి ఉత్తర్వు, బడి ఇళ్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. చివరికి ఆమే అంది: “గుడియాత్తం పటాలు మూడు కాలాలవీ ఉండాయి గదా ఆదిమూలం. మూలన సంస్థ పేరు, తేదీ ఉంటాయి, పని ఎక్కడా తెగలేదని తెలుస్తాది. తీసుకుపోదాం.”

కమిటీ రోజున అవ్వ చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ, “వినయంగా ఉండు. నోరు ఇంట్లో పెట్టిపో” అంది. తాత మూడు పటాల చుట్టలు చంకలో పెట్టుకుని, కాంచన మేడం వెంట పోయాడు.

శివప్రకాశం మూడు పటాలూ బల్ల మీద పరిచాడు. మూలలు చదివాడు. “ఇందులో సెక్షన్. ఇందులో శాఖ. ఇందులో స్కూల్. మేడం, నేను చెప్పేదే ఇవీ చెప్తా ఉండాయి. మూడు పేర్లు, మూడు సంస్థలు.”

కాంచన మేడం ముఖం చిన్నబోయింది. తాత నోరు నిజంగానే ఇంట్లో పెట్టి వచ్చినట్టున్నాడు. పటాలు చుట్టబోతే ఒకటి జారి బోర్లా పడింది.

శివప్రకాశం వంగి చూశాడు. పటం వెనక నీలం మీద పచ్చ గళ్లు, గడికొక ఎర్ర పోగు.

“ఏంది ఇది? ఇంట్లో నా లుంగీ మాదిరి ఉండాది. సర్కారు పటానికి లుంగీ ఎవరు కట్టినారు?”

“నేనే సార్” అన్నాడు తాత. ఇక దాచి లాభం లేదు. “చేరిన కొత్తలో శంకరలింగం సార్ తమిళంలో చెప్పినారు. పటం చినగకుండా వెనక గుడ్డ వేయాల, ‘కట్ట తుణి’ కొనుక్కురా అని. ఆయన చెప్పింది కట్టేదానికి గుడ్డ. నాకు ఇనిపించింది కట్టం తుణి. మా వీధిలో పుట్టినోడికి కట్టం అంటే గళ్లే గదా సార్. నేను గుడియాత్తం పోయి, మా అన్న కాడ తప్పుపడిన లుంగీ తానులు తెచ్చి, మైదా బంకతో అతికిచ్చేసినా. సార్ చూసి తల పట్టుకున్నారు. ఊడదీస్తే పటం చినిగిపోతాది. సరే గట్టిగా ఉండాది, ఉండనీ అన్నారు. ఆయన పోయినాక వచ్చిన సార్లు ఇది మా పద్ధతేమో అనుకున్నారు, నేనూ మా అన్న కాడినించి అవే గళ్లు తెచ్చి అతికిస్తా పోయినా. ఎవురూ అడగలేదు. నేనూ చెప్పలేదు.”

“మేమంతా గళ్లు లెక్కపెట్టి దూరాలు కొలిచేవాళ్లం” అంది కాంచన మేడం. ఆమెకు కూడా ఆ కథ అప్పుడే తెలిసింది. “అందుకోసమే వేసినారనుకున్నాను.”

శివప్రకాశం మిగిలిన రెండు పటాలూ తనే తిప్పాడు. నీలం, పచ్చ, ఎర్ర పోగు. తర్వాత ప్యూన్‌ను పంపి స్కూల్లో ఉన్న పటాలన్నీ తెప్పించాడు. ముప్ఫై ఎనిమిది. బల్ల చాలక వరండాలో పరిచారు, అన్నీ బోర్లా. అటు పోతున్న రిజిస్ట్రార్ ఆగి, “చేనేత బట్టల దీపావళి రిబేటు ఇప్పుడే పెట్టినారా? డిజైను బాగుండాది” అని ఒకటి పట్టుకుని చూశాడు కూడా.

శివప్రకాశం కమిటీ వైపు తిరిగాడు. “సరైన పని అయితే మూడు సంస్థల్లో ముగ్గురు మనుషులు ఒకే మాదిరి చేయవచ్చు. ఈ తప్పు ముగ్గురు చేయలేరు. దీనికి ఒక్కడే కావాల.”

వారానికి ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు భాష పోగొట్టుకోకుండా శివప్రకాశమే రాశాడు: ‘ఒకే పొరపాటు ఇరవై ఒక్క సంవత్సరాలు నిరంతరాయంగా జరిగినందున, సదరు సెక్షన్, శాఖ, స్కూల్ ఒకే సంస్థ అని నిర్ధారించడమైనది.’ ఇట్లా ఒక యూనివర్సిటీ బడి పుట్టిన ఏడాది డెబ్బై ఒకటి అని అధికారికంగా ఖాయమైంది. గుడియాత్తంలో ఏకాంబరం ఆ మాట విని, “వాడి తప్పులతో ఎవురైనా బాగుపడతారని నేననుకోలేదు” అన్నాడట. పొన్నైలో మామ కొత్త పేరు పెట్టాలని చూశాడు గాని, పాతదే నోటికి వచ్చేది.

సర్వీసు పుస్తకం మీద సంతకం పెట్టించుకుంటూ గుమస్తా చెప్పాడు, పర్మనెంటు వాళ్లకు ఏడాదికి పన్నెండు రోజులు సెలవు, ఊరికే, కారణం చెప్పనక్కర్లేదు అని. తాత నమ్మలేదు. రెండుసార్లు అడిగి, మూడోసారి కాంచన మేడంను అడిగి, సోమవారానికి ఒక సెలవు చీటీ రాశాడు.

సోమవారం పొద్దున స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని బయలుదేరాడు.

“లీవు పెట్టినావు గదా, యాడికి?” అంది అవ్వ.

“స్కూలుకి.”

“ఎందుకు?”

“చూస్తాం పద, నేను లేకుంటే ఎట్ల జరుగుతాదో.”

అవ్వ రానంది. ఆయన పోయి, వచ్చేపోయే వాళ్లకోసం వేసిన బెంచీ మీద దర్జాగా కూర్చున్నాడు. బదులు పనికి వచ్చిన మనిషి టీ తెస్తే తాగి, చక్కెర ఎక్కువైందన్నాడు. కాంచన మేడం చూసి నవ్వుకుంటూ లోపలికి పోయింది. పదకొండు గంటలకు ఒక విద్యార్థి పరుగెత్తుకుంటూ వచ్చి, “అన్నా, గుడియాత్తం పటం కావాల, డెబ్బై నాలుగుది, యాడ పెట్టినారు?” అన్నాడు.

తాత కాలు మీద కాలు వేసుకున్నాడు. “నేనీ పొద్దు లేనప్పా. రేపు రా.”