నా కేసుకు ఊరంతా కదిలింది

నన్ను ఎవరి దగ్గర ఉంచాలో తేల్చమని కరీంనగర్ కోర్టులో కేసు నడిచిందని చెబితే మా పిల్లలు నమ్మరు. "నువ్వేమన్న పొలం గెట్టువా అమ్మా, కోర్టు దాక పోవడానికి?" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ రోజు తలుచుకుంటే నాకే నవ్వాగదు.

నాకు అప్పుడు పదకొండేళ్లు. నాకు ఊహ తెలియకముందే నన్ను కన్న అవ్వా బాపూ ఇద్దరూ పోయారు. మంథని దగ్గర పల్లెలో, అమ్మమ్మ ఇంట్లో పెరిగాను. ఇంట్లో ముగ్గురమే, అమ్మమ్మ, చిన్నవ్వ, నేను. చిన్నవ్వ అంటే మా అవ్వకు చెల్లెలు. పెళ్లి కాలేదు. కుట్టు మిషను తొక్కేది, ఉన్న కొద్దిపాటి వరి పొలం తనే చూసుకునేది, గొంతెత్తిందంటే అవతలి వాడకు వినిపించేది. పొద్దున లేస్తే నన్ను తిట్టి, తల దువ్వి, జడలు వేసి, రిబ్బన్లు కట్టి, తిట్టడం మర్చిపోయానేమోనని మళ్లీ ఒకసారి తిట్టి బడికి పంపేది. ఆమె అంటే నాకు ప్రాణం.

అమ్మమ్మ పోయి ఏడాది తిరక్కముందే చెన్నూరు నుంచి మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, వచ్చాడు. అబద్ధమెందుకు, చాలా మంచి మనిషి. ఎప్పుడొచ్చినా జిలేబీ తెచ్చేవాడు. ఈసారి జిలేబీతో పాటు ఒక మాట కూడా తెచ్చాడు.

"ఇగ ముసలామె లేదాయె. పెండ్లి గాని పిల్లవు, ఒక్కదానివి గీ పోరిని ఎట్ల సాదుతవమ్మా? రేపు నీకు పెండ్లయితే ఇదెక్కడుంటది? మా తమ్ముని బిడ్డ, మేం తీస్కపోతం."

"మా అవ్వ ఉన్నప్పుడు సాదింది నేనే, ఇప్పుడు సాదేది నేనే. ఛాయ్ సల్లారుతుంది, తాగరాదు బావా" అంది చిన్నవ్వ.

పెద్దబాపు ఛాయ్ తాగాడు గానీ మాట వదల్లేదు. కాదంటే కోర్టుకు పోతానని చెప్పి బస్సెక్కాడు. ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే చిన్నవ్వ కరీంనగర్ పోయి, లాయరును పట్టుకొని, నాకు తనను గార్డియన్‌గా పెట్టమని కేసు వేసి వచ్చేసింది. అలా ఉండేది ఆమె వ్యవహారం.

లాయరు మాత్రం ముందే చెప్పాడట. "పెండ్లి గాని పిల్లకు ఇస్తరో ఇయ్యరో, నాదైతే గ్యారంటీ లేదమ్మా. ఇంకో ముచ్చట. కోర్టుల జర నోరు తక్కువ జెయ్యాలె." కేసు పోతే నేను చెన్నూరు బస్సెక్కాలి. చిన్నవ్వ నోరు మూసుకుంటేనే నేను తన దగ్గర ఉంటానని తెలిసి నాకు గుండె జారిపోయింది. అది అయ్యే పనా!

ఇలాంటి కేసుల్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఫలానా రోజు కోర్టుకు వచ్చి చెప్పుకోవాలని ఊళ్లో చాటింపు వేయించాలట. కోర్టు అమీను వచ్చి మా తలుపుకు కాగితం అంటించి, డప్పు కొట్టే మామను పిలిచి చదివి వినిపించాడు. మామ వాడవాడా తిరిగి చాటాడు. పాపం, కాగితంలో ఉన్నది ఒక్క ముక్క తప్పు పోలేదు. కానీ మా ఊళ్లో డప్పు మోగిందంటే ఇంటికొకరు కదలాల్సిందే. చెరువు కట్ట తెగినా అంతే, బోనాలైనా అంతే, పంచాయితీ అయినా అంతే. ఎవరూ రానక్కర్లేని చాటింపు మా ఊరు ఎరగదు. అందుకే ఎవరో అడిగారట, "ఇంటికొక్కలా మామా, ఇద్దరా?" అని. మామ అలవాటు కొద్దీ "ఇంటికొక్కలు. రాకుంటే జుర్మానా" అనేశాడు. చిన్నవ్వ పొలంలో ఉంది, నేను బళ్లో ఉన్నాను. మాకు ఈ సంగతి తెలియనే తెలియదు.

కేసు రోజు మేమిద్దరం బస్సులు మారి కరీంనగర్ చేరాం. కోర్టు వరండాలో నిలబడ్డామో లేదో, గేట్లోంచి ఒక ట్రాక్టరు లోపలికి వచ్చింది. ట్రాలీ నిండా మా ఊరివాళ్లు. దాని వెనకే ఇంకో ట్రాక్టరు. ఆడవాళ్లు సద్దిమూటలతో దిగుతున్నారు, మగవాళ్లు బీడీలు ఆర్పి కండువాలు దులుపుకుంటున్నారు. అయ్యో, లాయరు ముఖం చూడాలి అప్పుడు!

"గీళ్లంత ఎవలమ్మా?"

"మా ఊరోళ్లే సార్" అంది చిన్నవ్వ. ఆమె కూడా తెల్లబోయింది.

"ఎందుకొచ్చిండ్రు?"

"ఏమో మల్ల. డప్పు కొట్టిండ్రు గద!"

లాయరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నీకు అడ్డం చెప్పెటోళ్లనే రమ్మన్నరమ్మా! గిప్పుడు ఊరు ఊరంత నీ మీద తిరగబడ్డదనుకుంటడు జడ్జి."

ఇంతలో ట్రాక్టరు నడిపినాయన దగ్గరికొచ్చి మర్యాదగా అడిగాడు. "కేసు జల్ది అయితదా సార్? ఎట్లయిన గీడిదాక వచ్చినం, గట్లనే కొండగట్టు పోయి దండం పెట్టుకుందామని." లాయరు ఆయన వైపు చూసిన చూపుకు నాకు నవ్వు ఆగలేదు. భయం భయమే, నవ్వు నవ్వే. చిన్నవ్వ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

కోర్టు హాల్లో కాలు పెట్టే సందు లేదు. కిటికీల నిండా తలలే. జడ్జిగారు కోస్తా వైపు మనిషి. కళ్లజోడు తీసి, తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని చూశారు.

"ఏమండీ, వీళ్లందరికీ అభ్యంతరమా?"

"లేదు దొరా!" అని హాలు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"మరెందుకొచ్చారు?"

"మీరే పిలిస్తిరి గద!"

జడ్జిగారు కాగితాల మీదికి వంగిపోయారు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

తర్వాత, చెన్నూరు నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దబాపు నిలబడి తన మాట నెమ్మదిగా చెప్పుకున్నాడు. పెళ్లి కాని పిల్ల, రేపెలా ఉంటుందో, ఇది మా తమ్ముడి బిడ్డ అని. జడ్జిగారు తలూపి రాసుకున్నారు. "ఇంకెవరికైనా ఉందా?" అన్నారు.

"నాకున్నది" అని వెనక నుంచి మా పక్కింటి ముసలమ్మ చెయ్యెత్తింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి చిన్నవ్వ వైపు వేలు చూపించింది.

"పోరికేం ఫికర్ లేదు దొరా. అది మంచిగనే సాదుతది. నా రంది దాని గురించే. మొన్న సంబంధమొచ్చింది, పిలగాడు మాస్టరు, బంగారమసొంటి పిలగాడు. పోరిని ఇడిసిపెట్టి రావాలన్నరు. ఇది వాళ్లను ఛాయ్ గూడ తాగనియ్యలే, ఎల్లగొట్టింది. మీరు గిట్ల రాసిస్తే దానికింక పెండ్లెట్లయితది? జర సోంచాయించుండ్రి."

నా నవ్వంతా ఎటు పోయిందో! ఆ సంబంధం సంగతి నాకు తెలియదు. చిన్నవ్వ చెప్పలేదు. పెళ్లిళ్లలో పెళ్లికూతుళ్లను చూసి ఆమె మురిసిపోవడం మాత్రం తెలుసు. నా వల్లేనా ఇదంతా అనుకున్నాను.

జడ్జిగారు నన్ను బల్ల దగ్గరికి పిలిచారు. "భయపడకమ్మా. నీకు ఎవరి దగ్గర ఉండాలనుంది?"

లాయరు నేర్పిన జవాబు నాలుక మీదే ఉంది. నేను తల వంచుకొని, "పెద్దబాపు దగ్గరికి పోత" అన్నాను.

పెద్దబాపే ఉలిక్కిపడ్డాడు. నోరు తక్కువ చేయమన్నారు గదా, చిన్నవ్వ ఏమీ అనలేదు. మనుషుల్ని నెట్టుకుంటూ గబగబా వచ్చి నా చెవి పట్టుకొని మెలిపెట్టింది. ఆ తర్వాత అంది, అనాల్సినవన్నీ.

"ఏమంటివే? మల్లను! నా పెండ్లి ముచ్చట నిన్నెవలన్న అడిగిండ్రా? ముక్కు తుడుసుకోరాదు గని నా పెండ్లి చేస్తదట, పెద్దమనిషి! నిన్ను ఇడిసిపెట్టి రమ్మన్నోడు నాకెందుకే? నాకు నువ్వు గావాలె. సమజయిందా? నువ్వు గావాలె!"

అరుస్తూనే ఏడుస్తోంది. బంట్రోతు "సైలెన్స్" అనబోతే జడ్జిగారు చేత్తో ఆపారు. నేను కూడా భోరుమన్నాను. చెవి నొప్పికి కాదు. నన్ను కావాలని అంత గట్టిగా, అంతమంది ముందు ఒకరు అన్నందుకు.

పెద్దబాపు కండువాతో ముఖం తుడుచుకొని లేచాడు. "సారూ, నా అభ్యంతరం వాపసు తీస్కుంట."

"ఎందుకు?"

"తీస్కపోతే మంచిగనే సూసుకుంట సారూ. సుట్టాల పిల్లను సూసుకున్నట్టు, ఒక్క మాట అనకుంట. గని గట్ల చెవు పట్టుకొని తిట్టుడు నాతోటి గాదు."

జడ్జిగారు నావైపు తిరిగి, "ఇప్పుడు చెప్పమ్మా, నిజం" అన్నారు. "చిన్నవ్వ తాననే ఉంట" అన్నాను వెక్కుతూ. ఆయన గుమాస్తాకు ఏదో ఇంగ్లీషులో చెప్పి రాయించడం మొదలుపెట్టారు. కిటికీల అవతల చప్పట్లు. కాసేపటికి ఆయన తలెత్తి చూశారు.

"ఇక చెవి వదులమ్మా. పాపకు నొప్పి పుడుతుంది."

"మీరు సంతకం పెట్టిందాక ఇడువ సారూ" అంది చిన్నవ్వ. "ఇది మల్లేమంటదో!"