పురిటి మంచం కింద కత్తి

దగ్గరగా జరిగి కూర్చోండి. ఒళ్లో చంటిబిడ్డ ఉన్నవాళ్లు ఇటు ముందుకు రండి, ఈ సంగతి ముందుగా మీకే కావాలి. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన నా పెద్దకూతురు, కన్న బిడ్డను నాకు వదిలేసి ఒక్కత్తే వెళ్లిపోతానని పట్టుబట్టింది. ఆ బిడ్డ తల్లి చేతికి ఎలా వచ్చిందో చెప్తాను. అందులో నా తప్పు ఎంతుందో కూడా చెప్తాను. నేను దాచుకుంటే రేపు ఇంకొకరింట్లో అదే తప్పు జరుగుతుంది.

మాది పూండి దాటాక కొబ్బరితోటల్లో ఉన్న ఊరు. పెళ్లికి ముందు నా కూతురు నాతోపాటు కాశీబుగ్గ జీడిపప్పు బట్టీకి పనికి వచ్చేది. పెంకు కొట్టాక పప్పు మీద ఎర్రటి పొట్టు అంటుకుని ఉంటుంది. దాన్ని చిన్న కత్తితో గీకి తీయాలి, పప్పు మాత్రం విరగకూడదు. విరిగితే బద్ద, విరగకపోతే గుండు. మా పిల్ల చేతిలో అన్నీ గుండ్లే. పక్కవాళ్లతో కబుర్లాడుతూ, చేతి వంక చూడకుండానే తీసేది. నౌపడ సంబంధం కుదిరింది. అల్లుడు ఉప్పు మడుల్లో పని చేస్తాడు. మాట తక్కువ, మనిషి మంచివాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డల్ని ఇంటికి తెచ్చాం. మా వైపు పురిటి మంచం కింద, బాలింత తల దగ్గర ఇనుము పెడతారు. గాలీ ధూళీ సోకకుండా కొడవలో కత్తో ఏదో ఒకటి. మా అత్తగారు నాకు పెట్టింది, నేను నా కూతురికి కత్తి పెట్టాను. అందులో ఆలోచించేది ఏముంటుంది?

పదిహేను రోజులు గడిచాయి. ఒక పొద్దున పాపకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, మెత్తటి పాత చీరముక్కలో చుట్టి తల్లికి అందించబోయాను. చేతులు చాచలేదు.

"అమ్మా, ముందల ఆ కత్తి తీసీ."

"ఎందుకే?"

"నాకు బాగోనేదు. తీసీ అంతే."

తీసి అటక మీద పెట్టాను. మర్నాడు వంటింట్లో కత్తిపీట కంటికి కనపడకూడదంది. ఆ తర్వాత కొబ్బరి కొట్టే కత్తి. ఆఖరికి గోళ్ల కత్తెర కూడా. పాపను ఎత్తుకోమంటే జాకెట్టు తడిసేంత చెమట. పాలివ్వాలంటే నేను పక్కనే ఉండాలి. పాలిచ్చి పడుకోబెట్టిన ఐదు నిమిషాలకే అడగడం మొదలు.

"అమ్మా, నాను పాపనేటీ సెయ్యనేదు కదా?"

"నేదే."

"నువ్వు సూసినావా?"

"సూసినానే తల్లీ, ఏటీ సెయ్యనేదు."

మొహం తేటపడేది. నేను పొయ్యి దగ్గరికి వెళ్లేలోపు మళ్లీ అదే ప్రశ్న. రోజుకి ఎన్నిసార్లు జవాబిచ్చానో ఎవరికి తెలుసు! తల్లిని కదా, అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను?

మా పక్కింటి వదిన ఇదంతా చూసింది. పెరట్లోకి నన్ను పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఒదినా, ఇనుమంటే బయపడేది మనిసి కాదు. ఆ పిల్ల ఒంట్లోకి ఏటో సేరింది. నువ్వు ఇనుము తీసినావేటి? రెండింతలు ఎట్టాల గానీ!"

ఆ మాట నాకు నిజమనిపించింది. అటక మీది కత్తి దించాను. కొడవలి తెచ్చాను. గుమ్మానికి మేకులు కొట్టాను. పాత తాళంకప్ప మంచం కోడుకి కట్టాను. ఇంట్లో ఉన్న ఇనుమంతా ఆ గదికి చేరింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి చూసి, "ఏటే, పాత సామాన్ల కొట్టెట్టినావా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. గోడకి ఒదిగి కూర్చున్న నా కూతురు నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ గదిలో అడుగు పెట్టడమే మానేసింది. పాలకు పాపను వరండాలోకి తెస్తే, కళ్లు గట్టిగా మూసుకుని పాలిచ్చేది. బిడ్డ మొహం చూడకుండా పాలిచ్చే తల్లిని నేనెక్కడా చూడలేదు.

ఇంతలో నౌపడ నుంచి కబురొచ్చింది. మూడో నెల నిండాక మంచిరోజు చూసుకుని తల్లీబిడ్డల్ని తీసుకెళ్తామని. ఆ మధ్యాహ్నం పిల్ల వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"అమ్మా, పాపని నీ కాడ ఉంచీ. నానొక్కదాన్నే ఎల్తాను."

"పాలెవులిత్తారే?"

"డబ్బా పాలెట్టు. నా కాడ ఉంటే అది బతకదు."

"ఏటా మాటలు? ఏటైందో సెప్పు."

చీరకొంగు వేలికి మెలిపెట్టుకుంది. తర్వాత గబగబా చెప్పేసింది.

"దాన్ని ఎత్తుకుంటే సాలు, కత్తితో దాన్ని కోసేసినట్టు కళ్లల్లో కనపడతాది. ఒద్దమ్మా, నాకొద్దు అనుకుంటే ఇంకా వత్తాది. మంచం కింద కత్తి ఉందని తెలిసిన కాడి నుంచి ఇదే. నానేటి తల్లినమ్మా?"

కత్తికి భయపడే పిల్ల చుట్టూ నేను కత్తులు పేర్చాను. లేచి ఆ గదిలో ఉన్న ఇనుమంతా బయటికి మోశాను. మోస్తూనే తెలిసింది, ఇది నా వల్ల తేలే పని కాదని. నాకు చదువు నాలుగో తరగతి. తెలియనిది అడగడానికి మాత్రం నేనెప్పుడూ సిగ్గుపడలేదు. పాపను తూకం వేయడానికి వచ్చిన ఆశా కార్యకర్తకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి కంగారు పడలేదు. "పిన్నీ, ఇది జబ్బు. టెక్కలిలో మనసు జబ్బులు సూసే డాక్టరమ్మున్నాది. రేపే ఎల్దాం," అంది.

పక్కింటి వదిన గుమ్మంలో ఎదురైంది. "పిచ్చి డాక్టరు కాడికా ఒదినా? నలుగురూ ఏటనుకుంటారు?"

"కత్తులెట్టి సూసినాం కదొదినా, ఇప్పుడు డాక్టర్నెట్టి సూత్తాం," అన్నాను.

పూండిలో పాసింజరెక్కి నౌపడలో దిగాం. అల్లుడు స్టేషనుకి వచ్చాడు. అందరం ఆటోలో టెక్కలి వెళ్లాం. డాక్టరమ్మ నా కూతురిని తొందరపెట్టకుండా చెప్పనిచ్చింది. కళ్లల్లో మెదిలే ఆ బొమ్మ కనపడితే ఇష్టంగా ఉంటుందా, అసహ్యంగానా అని అడిగింది. చెవిలో ఎవరైనా చేయమని చెబుతున్నారా, చచ్చిపోవాలని ఉందా అని కూడా అడిగింది. అసహ్యమే అంది మా పిల్ల, మిగతా రెండూ లేవంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"చూడమ్మా, నువ్వు ఆ ఆలోచనకి ఇంత భయపడుతున్నావు, ఇంట్లో కత్తులన్నీ దాయించావు. ఇలాంటి ఆలోచనలు కొత్తగా తల్లయినవాళ్లకి, తండ్రయినవాళ్లకి కూడా వస్తుంటాయి. చాలామందికి వచ్చి పోతాయి. నీకు పోకుండా అతుక్కున్నాయి. ఓసీడీ అంటారు దీన్ని. ఆలోచన వచ్చినంత మాత్రాన నువ్వు ఆ పని చేస్తావని కాదు. ఇది తగ్గుతుంది."

అల్లుడు అప్పటిదాకా నేల చూస్తున్నాడు. "నాకూ వచ్చిందండి, సూడ్డానికొచ్చినప్పుడు అత్తోరింటి నూతి కాడ. పాపని జారిడిసేత్తానేమోనని. ఎవులికీ సెప్పనేదు," అన్నాడు. నా కూతురు మొగుడి వంక చూసిన చూపు నేను మరిచిపోను.

తర్వాత డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరు చేసేది కూడా జబ్బుని పెంచుతోందమ్మా."

"కత్తులన్నీ తీసినానండి!"

"కత్తులు కాదు. అడిగిన ప్రతిసారీ 'ఏమీ చేయలేదు' అంటున్నారు చూడండి, అది. గజ్జిని గోకితే అప్పటికి హాయి, తర్వాత మంట ఎక్కువ. ఇదీ అంతే."

పాలిచ్చే తల్లి వేసుకోదగ్గ మాత్ర రాసింది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దు అంది. మాత్రతోపాటు ఒక సాధన చెప్పింది. భయపడే పనుల్ని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఒక్కొక్కటే చేయాలి. భయం వచ్చినప్పుడు లేచిపోకూడదు, ఎవర్నీ అడగకూడదు. అది ఎక్కినట్టే ఎక్కి దానంతటదే దిగుతుంది. "నీకు కత్తితో చేసే పని ఏదైనా వచ్చా?" అని అడిగింది. మా పిల్ల మొదటిసారి తలెత్తి, "జీడిపప్పు పొట్టు తీత్తానండి," అంది.

ఇక అదే మందు. మొదట కొన్నాళ్లు ఆ చిన్న కత్తి గూట్లో ఊరికే ఉంది, కంటికి కనపడేలా. తర్వాత పాప నా ఒళ్లో, తల్లి చేతిలో కత్తి, ముందు చేటలో పప్పు. మొదటి రోజు చేతులు వణికి ప్రతి పప్పూ బద్దే అయింది. మా ఆయన పక్కన చేరి ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, "ఇంకో నెల ఇలాగే వణకవే తల్లీ, కడుపు నిండుతాది," అన్నాడు. పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

అసలు కష్టం నాది. "అమ్మా, నానేటీ సెయ్యనేదు కదా?" అని అడిగితే నేను చెప్పాల్సిన మాట డాక్టరమ్మ ఒకటే నేర్పింది: "అది జబ్బు అడుగుతంది. దానికి నాను సెప్పను." చెప్పాను. "నువ్వేటి తల్లివి!" అని నా మీద విరుచుకుపడింది. వదిన గోడ మీంచి, "రాతి గుండె ఒదినా నీది," అంది. పెరట్లోకి వెళ్లి కొబ్బరిమట్టలు చీరుతూ కూర్చున్నాను. ఒక్క మాట అంటే ఆ పిల్ల ఊరుకుంటుంది. ఆ ఒక్క మాటా అనకుండా ఉండడం కన్నా పురిటి నొప్పులు తేలిక. అడగడం మాత్రం మెల్లగా తగ్గింది. రోజంతా అడిగేది పూటకొకసారికి వచ్చింది, తర్వాత ఒక పూట మరిచిపోయింది.

మంచిరోజు ఒకటి దాటిపోయింది. ఇంకొంత ఆగమని అల్లుడే వాళ్లమ్మకి చెప్పాడు. ఒకరోజు నేను నీళ్లకని వెళ్లి వచ్చేసరికి, పాప తల్లి తొడ పక్కన చాప మీద కాళ్లు ఆడిస్తోంది. తల్లి పొట్టు తీస్తోంది. నేను గుమ్మంలోనే ఆగాను.

"వచ్చిందమ్మా ఆ బొమ్మ. ఇప్పుడే," అంది తలెత్తకుండా.

"మరేటి సేత్తన్నావు?"

"ఏటి సేత్తాను? ఉండనీ దాన్ని. నా పప్పు నాను తీసుకుంటన్నాను."

చేటలో అన్నీ గుండ్లే.

ఐదో నెలలో వియ్యపురాలు వచ్చింది. పూండి స్టేషనులో రైలు ఆగగానే, "ఇటియ్యమ్మా గుంటని, మెట్లెక్కీదాకా నానెత్తుకుంటాను," అని చేతులు చాచింది. మా పిల్ల పాపను భుజానికి సర్దుకుంది. "ఒద్దత్తా, సంచి నువ్వట్టుకో. దీన్ని నానే తెత్తాను," అని ముందుగా తనే ఎక్కింది. కిటికీలోంచి బిడ్డ చేయి పట్టుకుని నాకు ఊపించింది. మాత్రలు డాక్టరమ్మ చెప్పినన్నాళ్లూ వేసుకుంది. ఆ ఆలోచన ఇప్పటికీ ఎప్పుడో ఒకసారి తొంగిచూస్తుందట, చూసి పోతుందట.

మీ ఇంట్లో బాలింత కత్తులు దాస్తోందంటే ఇనుము తేకండి, దయ్యమని పేరు పెట్టకండి. పక్కన కూర్చుని ఏం కనపడుతోందని అడగండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ఇంతసేపు విన్నారు, మీ గడపకి మేలు కలగాలి. మీ ఇంట పుట్టిన బిడ్డలు తల్లి చేతుల్లో హాయిగా నిద్రపోవాలి, ఆ తల్లులూ కడుపునిండా తిని కంటినిండా నిద్రపోవాలి.